కొక్కెం

"మొదటి మూడు సెకన్లల్ల కొక్కెం పడాలె మేడం,
లేకుంటే చూసేటోని బొటనవేలు ఆగది"
అంటడు అజ్మత్,
రింగు లైటును నా మొఖం మీదికి తిప్పుకుంట.

పోచమ్మ మైదాన్‌ల, సెల్‌ఫోన్ల దుకాణం మీద నా ఆఫీసు.
ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు సర్టిఫికెట్టు.
వచ్చెటోళ్ల కోసమని తెచ్చిన రెండో కుర్చీల
శానా దినాలు నా బ్యాగే కూసున్నది.
అచ్చేయించిన కార్డులు ఐదు వందలు పంచిన.
ఒకటి మళ్ల కనవడ్డది,
బజ్జీల బండి కాడ, నూనె పీల్చుకుంట.

కొక్కెమంటే నాకు నాయిన యాదికొస్తడు.
ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఏండ్లు
మిర్చి బస్తలు మోసిన హమాలి ఓదెలు.
నడుముకు చెక్కుకున్న ఇనుప కొక్కెం
ఇంటికొచ్చినంక దర్వాజ మేకుకు వేలాడేది.
నాయిన అంగి ఇప్పితె
మేమందరం తుమ్ముకుంట అన్నం తినేటోళ్లం.
కొత్తగ పనికొచ్చిన పోరగాళ్లకు చెప్పేటోడు:
"కొక్కెం గోనెకు తాకాలెరా,
లోపలి కాయకు గాదు."

అజ్మత్ మంచోడే. పెండ్లి వీడియోలు కత్తిరిస్తడు,
నా కాడ పెట్రోలు పైసలే తీసుకుంటడు.
వాడు రాసిచ్చింది చదివిన:
"మీరు నిద్రపోతుంటే మీ పైసలు మేల్కొంటయి!"
ఐదు వందలు పెట్టి బూస్టు కొట్టినం.
తెల్లారెసరికి పదకొండు వేల మంది.
రాజ్‌కోటు నుంచి ఒకడు దండం బొమ్మ పెట్టిండు.
నిజామాబాదోడు "రేటెంత" అన్నడు, దేని రేటో చెప్పలే.
ఇంకొకడు, ఎన్ని దినాలల్ల డబులైతయి అక్కా?
కావు తమ్మీ, అని రాసిన.
మళ్ల జవాబు లేదు.
మా వాడకట్టోళ్లు మాత్రం
వీడియోల నా చీర బాగున్నదన్నరు.

ఆ "కావు" అన్న మాట నోట్లనే ఉండిపోయింది.
ఆ రాత్రి అజ్మత్ లేడు, వాని లైటు లేదు.
ట్యూబులైటు కింద, ఫోను నీళ్ల సీసకు ఆనించి
నాయిన చిట్టి సంగతి చెప్పిన.
నెలనెలా ముద్ర పడ్డ పాసు పుస్తకం,
కంపెనీ షట్టరుకు రెండు తాళాలు,
షట్టరు ముందట నాయిన
వీపు మీద బస్త లేకున్నా
వంగి నిలవడ్డ తీరు.
"నేను డబులు చెయ్య.
ఎక్కడ పెట్టొద్దో ముందుగల చెప్త.
నా ఫీజెంతనో కాయితం మీద రాసిస్త."
నాలుగు నిమిషాలు. నడుమ ఒకసారి దగ్గిన.

నలభై మూడు మంది చూసిన్రు.
అజ్మత్ తల కొట్టుకున్నడు.
"గింత పొడుగా! కొక్కెమేది మేడం?"

తొమ్మిదో దినం, పగటీలి,
మనిషి కంటె ముందు ఘాటు మెట్లెక్కింది.
కొంరమ్మ. యార్డుల రాలిన కాయ ఊడుస్తది.
ఆ నలభై మూడుల ఆమె లేదు,
ఆమెకు గసొంటి ఫోనే లేదు.
"కాంట పిల్లగాడు చూపిచ్చిండు.
నువ్వు ఓదెలు బిడ్డవు గదా."
నా బ్యాగు తీసి కింద పెట్టి కూసున్నది.
"మా మరిది, లచ్చ పెడితె నెలకు పదివేలంటుండు.
పెట్టాల్నా?"
"వద్దు."
"గంతేనా?"
"గంతే."
ఫ్యాను దిక్కు చూసుకుంట శానాసేపున్నది.
"మరి గా లచ్చను ఏం చెయ్యాలె?"
గప్పుడు కాయితం ముందటేసుకున్న.
ఫీజు కాడ బేరమాడింది. సగమిచ్చింది.
మిగిలింది సీజను అయినంక, అన్నది.

"ఆమె మొఖం ఒక్కటి పెడ్తే
లచ్చ మంది ఆగుతరు మేడం" అన్నడు అజ్మత్.
వద్దన్న.
ఎందుకో వానికి చెప్పబోయి, చెప్పలే.

కిరాయికి ఇంక నాలుగు వేలు తక్కువ.
కుర్చీ మీద ఎర్రటి పొడి.
అజ్మత్ లైటు సర్దుతున్నడు,
నేను నోట్లు లెక్కవెడుతున్న,
ఇద్దరం తుమ్ముతున్నం.