సున్నా పెట్టొద్దు

జూన్ ముప్పై. కిసుము ఊళ్లో, కొండెలె కూడలి.
నా కొట్లో ఆరు కంప్యూటర్లు, నాలుగే పనిచేస్తాయి.
వరస బయటికెళ్లి వేపుడు చేపల బండి దాకా పాకింది.
అర్ధరాత్రి దాటితే రెండు వేల షిల్లింగుల జరిమానా,
అందుకని ఊరందరికీ ఇవాళే సర్కారు గుర్తొచ్చింది.

మనిషికి వంద, నా కూలి.
పిన్ను చెప్పు. పాస్‌వర్డ్ చెప్పు.
మర్చిపోయావా, సరే, కొత్తది పెడదాం.
ఆదాయం? లేదు.
నొక్కాను. ఇదిగో కాగితం. తరవాత ఎవరు?
ఏమీ లేదని చెప్పుకోవడానికి
వంద ఇచ్చి వెళ్తారు మనుషులు.
పొద్దుట్నుంచి ఎన్ని సున్నాలు చుట్టానో,
చూపుడువేలు జివ్వుమంటోంది.

తొమ్మిదింటికి అపొండి కూర్చుంది ఎదురుగా.
ఇరవై ఏళ్లుంటాయి. వేళ్ల కొసల మీద
జడలల్లే నూనె మెరుపు ఇంకా పోలేదు.
మొదటిసారా అన్నాను. తలూపింది.
అలవాటు చొప్పున మీట మీదికి పోయింది నా వేలు.
"సున్నా పెట్టొద్దు" అంది.

"అందరిదీ అదేనమ్మా. తేలిక."
"నాది కాదు."
సంచిలోంచి బడి నోట్‌బుక్ తీసింది,
అట్ట మీద ఎవరో తమ్ముడి పేరు కొట్టేసి ఉంది.
లోపల, కిందటేడు జనవరి నుంచి డిసెంబరు దాకా, తలలు.
అవును, తలలే.
చేపల రోజ్‌లిన్, సన్న జడలు, ఆరు వందలు.
పెళ్లికూతురు, తోడు ముగ్గురు, రెండు వేల ఎనిమిది వందలు.
లెక్కల టీచరు, సగం అప్పు.
ఏప్రిల్లో తొమ్మిది రోజులు ఖాళీ, పక్కన ఒకటే మాట: వాన.
ఆగస్టులో ఒక పాప, డబ్బు వద్దన్నాను
అని రాసి, ఎదురుగా గీత.

వరసలో గొణుగుడు మొదలైంది.
మోటార్‌సైకిల్ నడిపే ఒగుటు
"అక్కా, సర్కారుకి లేనిపోని ఆశలు పెట్టకు" అన్నాడు.
అందరూ నవ్వారు. తనూ నవ్వింది,
నోట్‌బుక్ మాత్రం మూయలేదు.

పెద్ద ఫారం దించాను. అది తెరుచుకునేలోపు
ఒక టీ తాగొచ్చు.
కూడాం. ఆమె నోటితో, నేను మీటలతో.
కుర్చీ అద్దె తీసేశాం, నూనె, దువ్వెనలు,
అతుకు జుట్టు కట్టలు తీసేశాం.
కరెంటు పోయింది. వచ్చింది. మళ్లీ మొదట్నుంచి.
"డబ్బు వద్దన్న పాపని ఏ గడిలో వేస్తారు?"
వేళాకోళం కాదు, అడుగుతోంది.
గళ్లన్నీ వెతికాను, నిజంగానే.

లక్షా పద్దెనిమిది వేల నాలుగు వందలు.
కట్టాల్సిన పన్ను:
సున్నా.
"చూశావా, తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం."
"రాలేదు" అంది
తెర మీద పై గడిని గోటితో తడుతూ.

రసీదు ఇంకా వెచ్చగా ఉండగానే
డిసెంబరు పేజీలో పెట్టుకుంది.
పని నాలుగింతలు, ఇంకో యాభై అడుగుదామనుకున్నాను.
ఆమె అప్పటికే పెన్సిల్ తీసి
కొత్త పేజీలో ఖర్చు రాస్తోంది:
కంప్యూటర్ కొట్టు, వంద.

పదకొండూ నలభై. షట్టర్ సగం దించాను.
నాది మిగిలింది.
ఎనిమిదేళ్లుగా నాదీ అదే మీట.
ఇవాళ ఎంతమంది కూర్చున్నారు ఈ కుర్చీలో?
నూట ముప్పయ్యా, నలభయ్యా.
రాసుకోలేదు.
గల్లాపెట్టె తెరిస్తే చేపల వాసన, నూనె వాసన,
ఒకదానికొకటి అంటుకుపోయిన నోట్లు.
ఇరవై నిమిషాలుంది.
ఈ వేళప్పుడు
నోట్‌బుక్ ఎక్కడ దొరుకుతుంది?