పక్కచూపు

కోట్కా రేవులో ముప్పై ఏళ్లు క్రేను నడిపినవాడు
తైస్తో, నా మొగుడు,
పోయిన మార్చిలో రెండు పక్కలా చూపు పోగొట్టుకున్నాడు.
గంతలు కట్టిన గుర్రంలాగా
ఎదురుగా ఉన్నదే కనపడేది.
పక్కన నడిచే నేను కనపడేదాన్ని కాదు.

పీయూష గ్రంథిలో గడ్డ అన్నారు,
మా పెరటి గూస్‌బెర్రీ అంత.
కత్తి అక్కర్లేదట.
సోమవారం ఒక మాత్ర, గురువారం ఒకటి,
దానంతటదే ముడుచుకుంటుందట.

ముడుచుకుంది.
ఆరో వారానికి కిటికీ అంచు కనపడింది,
ఎనిమిదో వారానికి నేను.
చెవిపోగులు మార్చావా అన్నాడు.
మార్చి నాలుగేళ్లయింది.
ఆ రోజు ఏడ్చాను, మంచి ఏడుపే.

మందుపెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటి.
వాంతులు, కళ్లు తిరగడం, మలబద్ధకం దాకా చదివాను.
వెనక్కి తిప్పలేదు.

కిరాణా కొట్లో, డబ్బు కట్టే చోటు దాటాక
గోడవారగా జూదం మెషీన్లు ఉంటాయి మాకు.
చేతిలో పాల డబ్బాతో నిలబడి
ముసలమ్మలు కూడా ఆడతారు.
ఇన్నేళ్లూ వాటి పక్కనుంచే నడిచాడు,
ఒక్కసారీ ఆగలేదు.
మందు తిరిగిచ్చిన ఆ పక్కచూపులోనే
అవి తళుక్కుమన్నాయి.

మొదట చిల్లర.
తర్వాత కాఫీపొడికని వెళ్లి ఉత్త చేతులతో రావడం.
అర్ధరాత్రి దుప్పటి కింద ఫోను నీలం వెలుగు.
సెప్టెంబరులో
కొండనాలుకకు మందేస్తే
ఊడింది ఉన్న నాలుక కాదు,
రేవులో ఉన్న పడవ.

డాక్టర్ నూర్మిలా చిన్నపిల్ల, కంప్యూటర్లోకి చూస్తూ అడిగింది:
అలవాట్లలో ఏమైనా మార్పు? జూదం, దుబారా, అలాంటివి?
లేదన్నాడు తైస్తో.
నేను అతని ఎడమపక్కన కూర్చున్నాను.
అతను తల తిప్పలేదు.
తిప్పక్కర్లేదు కదా ఇప్పుడు,
నా సంచిలోంచి బ్యాంకు కాగితం బయటికి రావడం
తిప్పకుండానే చూశాడు.

బస్సులో అడిగాను, నువ్వా, మందా అని.
చాలాసేపటికి అన్నాడు:
"ఓడినప్పుడు మందు.
గెలిచినప్పుడు మాత్రం నేనే అనిపించేది."

ఇప్పుడు సగం మాత్ర.
గడ్డ మళ్లీ పెరిగితే చూపు పోతుంది,
పెరక్కుండా ఆపేదేమో ఇల్లు గుల్ల చేస్తుంది.
ఆదివారం ఆదివారం అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి
చెవుల పక్క నా వేళ్లు ఆడిస్తాను,
ముక్కు సూటిగా చూడు, ఎన్నో చెప్పు అంటాను.

రెండు, అంటాడు.
ఆగి, మూడేమో, అంటాడు.
పందెమా అని నోటిదాకా వచ్చి
మింగేశాను.