టేపుకు రెండో పక్క

ముప్పై ఏండ్ల సంది మెడల టేపు వేసుకొని తిరుగుతున్న.
ఇంచీల పక్కే చూసిన.
సెంటీమీటర్ల పక్క మెడకు ఒరుసుకుంట
ఏం చెప్పాలనుకున్నదో ఎన్నడు అడగలే.

గాంధీ దవాఖానల, చల్లటి గదిల,
చక్రం లోపలికి నన్ను నూకి కొలిచిన్రు.
నాలుగు పాయింటు మూడు.
గుండెలకెల్లి పైకి లేచే పెద్ద నాళం
ఒకకాడ ఉబ్బిందంట.
"ఇప్పుడేం చెయ్యొద్దు, చూస్తుంటం" అన్నది డాక్టరమ్మ.
ఆర్నెల్లకోసారి.

చూసుడంటే ఏమో అనుకున్న.
పొయ్యి మీది పాలను చూసినట్టు కాదది.
పాలు పొంగే ముందు అంచుల కాడ
జర చప్పుడన్న చేస్తయి.

ఇంటికొచ్చి టేపు తిప్పిన.
నాలుగు, దాని మీద మూడు గీతలు.
జాకెట్టుకు రెండు హుక్కుల నడుమ ఇడిసే జాగంత.
గంతల నేను మొత్తం పట్టిన.

బట్ట సంగతి నాకెరుకే.
సంక కాడ ముందు పలచనైతది,
ఎండకు పడితే దారాలు దూరం జరిగి కనబడతయి.
లోపల తుండు పెట్టి, ఇంకో వరుస కుట్టేసి
"రెండేండ్లు ఢోకా లేదు" అని ఇచ్చి పంపుత.
నన్నట్ల ఎండకు ఎవరు పడతరు?

తుమ్మొస్తే ముక్కు పట్టుకున్న దినాలున్నయి.
రాంనగర్ చౌరస్తల ఆటో ఎగిరేస్తే
"నెమ్మదిగ తమ్మీ, లోపల గాజు సామానున్నది" అన్న.
వాడు నా సంచి దిక్కు చూసిండు.
రాత్రి ఎడమకు ఒరిగితే మెత్తల కుట్టుమిషను నడుస్తది.
కుడికి ఒరిగితే, ఆగిందేమోనని
మళ్ళ ఎడమకు.

బీపీ మిషను రోజుకు తొమ్మిదిసార్లు కట్టుకున్న.
భయపడితే ఎక్కువ చూపిస్తది,
ఎక్కువ చూపిస్తే భయమైతది.
మా ఆయన అంజయ్య ఒక్క మాటనలే.
దాన్ల సెల్లులు తీసి బియ్యం డబ్బాల దాచిండు.
బియ్యం తీస్తుంటే చేతికి తగిలినయి.
తుడిచి, మళ్ళ అండ్లనే పెట్టిన.
ఇప్పటికీ ఇద్దరం ఆ ముచ్చట తియ్యం.
పొద్దుగాల ఒకసారి, రాత్రి ఒకసారి
ఆయనే తెచ్చిస్తడు, ఆయనే కొంచవోతడు.

ఆషాఢమొచ్చింది.
పది కిలోల మీద ఎత్తొద్దన్నరు గదా,
మా అత్త ఇచ్చిన ఇత్తడి బోనం
అన్నంతోని, పైన దీపంతోని
కిరాణం సేటు కాంట మీద పెట్టిచ్చిన.
పదకొండున్నర.
ఇన్నేండ్లు ఎన్నడు తూచలే దాన్ని.
అమ్మకు కోపమొస్తదా అని
కాజాలు కుట్టే పిల్ల రిజ్వానాను అడిగిన.
నోట్లె దారం తియ్యకుంటనే అన్నది:
"మట్టి కుండ పెట్టు ఆంటీ,
ఇత్తడి తోముడు తప్పుతది."

మట్టిది మూడు కిలోలు.
గల్లీల డప్పులు మోగుతుంటే
అందరి రొమ్ముల బొక్కలు అదిరినయి, ఒక్క నాయే కాదు.
లోపలి దరువేదో, బయటి దరువేదో
కొంచెంసేపు తెల్వలే.
గుడి మెట్ల కాడ డప్పులాగినయి.
మళ్ళ తెలిసింది.

ఆర్నెల్లు సావాసం చేస్తే వాళ్ళు వీళ్ళయితరంటరు.
భయం నా లెక్కయిందో, నేను దాని లెక్కయిన్నో.
ఇప్పుడది మూలకు స్టూలేసుకొని కూసుంటది,
జాకెట్టు కోసమొచ్చిన గిరాకి తీరుగ.
అప్పుడప్పుడు "అయ్యిందా?" అంటది.
"ఇంక కాలే" అంట,
పెడలు తొక్కుకుంటనే.

మొన్న మళ్ళ కొలిచిన్రు.
నాలుగు పాయింటు నాలుగు.
"మిషను తేడా కూడ కావచ్చు" అన్నది డాక్టరమ్మ.
ఒక్క గీత.
సుద్దముక్కతోని గీసిన గీత మందం.
మా పనిల అంత తేడాను లెక్కల పట్టం.
అట్లనుకుంట బస్సెక్కిన.
ముషీరాబాద్ దాటేదాక అట్లనే అనుకున్న,
ఒకసారి కాదు, మస్తుసార్లు.
ఆటెన్క కిటికీ పక్కన జాగ దొరికింది.
సుశీలా టీచర్ జాకెట్టుకు
ఇంక చేతులెక్కియ్యలేదని యాదికొచ్చింది.