ఆకు జిగురు

మూడో బుధవారం కూడా
నేను మాట్లాడింది బస్సు గురించే.
టంగుటూరు నుంచి ఒంగోలు దాకా నిలబడే వచ్చానని,
టోల్‌గేటు కాడ గ్రానైటు లారీ అడ్డం తిరిగిందని.
షమీమ్ మేడమ్ విన్నది.
కింద స్కానింగ్ సెంటర్లో ఎవరెవరివో పేర్లు పిలుస్తున్నారు.
ప్రతి పేరుకీ ఉలిక్కిపడ్డాను.

నా పేరు సువార్త.
పాస్టరు కూతురికి ఇంతకంటే తేలిక పేరు దొరకలేదు.

నయం చెయ్యండి అనే వచ్చాను మొదట.
ఆమె రాసిచ్చింది ఒక్కటే,
మళ్లీ ఎప్పుడు రావాలో ఆ తేదీ.

నీలాంటివాళ్లకి ఒక మాట చెప్పమంది.
నాకు తెలిసిన తెలుగు మాటలన్నీ తిట్లే.
ఇంగ్లీషుది ఒకటుంది గానీ
కట్టుకుంటే అద్దె చీరలా ఉంటది.

"చెడ్డదాన్ని అంటావు గదా,
ఆ మాట లోపల ఎవరి గొంతులో వినపడుద్ది?"
ఫ్యాను గరగరలో చాలాసేపు వెతికాను.
నాన్నది అనుకున్నా. కాదు.
ఆ రోజు నాన్న ఏమీ అనలేదు.
నూనె సీసా మూత తీసి నా నడినెత్తిన పోసి
వణికే చేతులతో ఏడ్చాడు, అంతే.
సంఘమంతా చుట్టూ నిలబడి
నాలోంచి దేన్నో వెళ్లిపొమ్మని కేకలేసింది.
మూడు రోజుల ఉపవాసం.
వెళ్లిపోయింది కెజియా ఒక్కతే,
చీరాలకి, నర్సు ట్రైనింగుకి.

ఆ గొంతు నాదే.
పద్దెనిమిదో ఏట నేర్చుకుని
ఇప్పుడు నాన్నకంటే బాగా ప్రసంగం చేస్తోంది.

అప్పుడు చెప్పాను, బ్యారన్ గురించి.
ఫిబ్రవరి ఎండ. కర్రలకి ఆకు కట్టే పని.
కెజియా అందిస్తే నేను కట్టేదాన్ని.
పచ్చాకు జిగురు నల్లగా పట్టేది చేతులకి,
సబ్బుకి పోదు, కిరసనాయిలుకి పోదు,
అన్నం కలిపితే ముద్ద ముద్దకీ చేదు.
ఒకరోజు మోటారు గొట్టం కాడ
పచ్చి టమాటా చిదిమి నా అరచేతుల్లో పిండి
ఒక్కో వేలూ రుద్దింది.
"ఇదిగో, ఇట్టా పోతది. ఏందే, ఏడుస్తుండావా?"

నాకు దేవుడు దగ్గరగా అనిపించింది ఆ ఒక్కసారే.
మందిరంలో చెప్పగలిగే సాక్ష్యం కాదిది.
మేడమ్ పెన్ను పక్కన పెట్టింది.

మొన్న ఆదివారం తంబురీను నేనే కొట్టాను.
చెయ్యి తప్పలేదు.
ప్రార్థనలో కళ్లు మూసుకున్నాక
మన్నించమని అడగడం మర్చిపోయాను.
ఆ ఖాళీలో ఏం అడగాలో తెలీక
కెజియాకి రాత్రి డ్యూటీలు తగ్గించమన్నాను.

ఈ బుధవారం బస్సులో సీటు దొరికింది.
పక్కన కూర్చున్న ముసలామె
సంచి ఒళ్లోకి లాక్కుని, "ఏమ్మా,
వారం వారం ఆసుపత్రికి పోతుండావే, ఒంట్లో బాలేదా?"
"బానే ఉండాను పెద్దమ్మా."
ఆ మాటని నోట్లో కాసేపు ఉంచుకుని చూశాను.
చేదు లేదు.
ఉంది, కొంచెం,
వేళ్ల సందుల్లో ఎక్కడో.