గార

రెండొందల నలభై తొమ్మిది రూపాయలకి
అయిదు పనిముట్లు వచ్చాయి నల్ల సంచీలో,
ఒక్కోటీ ఒక్కో గుడ్డ జేబులో పడుకుని.
కొక్కెం, బల్లెం, చిట్టి కొడవలి,
పేరు తెలియనిది ఒకటి,
చివరగా రూపాయి బిళ్ళంత అద్దం.
ఇలాంటివే పగలంతా నా చేతిలో ఉంటాయి,
కాకపోతే మూరెడు పొడవు, తుప్పు రంగు.

ఫిషింగ్ హార్బర్లో
స్లిప్‌వే మీదికి లాగిన బోట్లకి
అడుగు గీకే పని నాది.
ఇరవై రెండేళ్ళుగా.
నీళ్ళలో ఏది నిలబడినా దానికి గుల్ల పడుతుంది.
చెక్కకీ, ఇనుముకీ, లంగరు తాడుకీ.
నా నోటికి మాత్రం ఎందుకు పట్టదు,
రోజుకి తొమ్మిది టీలు, ఆ పైన ఖైనీ.

డాబాగార్డెన్స్ క్లినిక్‌లో
మాస్కు వేసుకున్న అమ్మాయి నా నోట్లోకి దీపం దించి
"గార కట్టేసిందండీ, క్లీనింగ్‌కి పద్దెనిమిది వందలు" అంది.
గార!
మా నాన్న గార గోడల ఇల్లు కట్టలేక పోయాడు,
నాకేమో నోట్లోనే మేడ లేచింది.
అద్దె రాదు, పన్ను మాత్రం ఉంది.

పద్దెనిమిది వందలంటే రెండు రోజుల కూలి.
గీకడం నాకు ఒకరు నేర్పాలా?

రాత్రి పెదజాలరిపేటలో కరెంటు పోయింది.
దానమ్మ నిద్రపోయింది.
కొక్కేన్ని మరిగే నీళ్ళలో ముంచి
ఫోను లైటుని కొళాయికి ఆనించి నోరు తెరిచాను.
ముందు పళ్ళు పర్వాలేదు, పెళ్ళిచూపుల పళ్ళు.
కింది వరస వెనక, నాలుక రోజూ తడిమి ఊరుకునే చోట
అచ్చం చుక్కాని వెనక పట్టే గుల్లలే.

టిక్.
నూకంత ముక్క రాలింది.
ఎంత బాగుందో చెప్పలేను.
కొత్త గదిలోకి పిల్లాడు ఉరికినట్టు
నాలుక ఉరికింది అక్కడికి.
మళ్ళీ టిక్.
మూడోసారి చప్పుడు రాలేదు,
ఉప్పు వచ్చింది.

పంతొమ్మిదేళ్ళప్పుడు
మేస్త్రీ పోలారావు అనేవాడు,
"గుల్లని గీకాల, కర్రని కాదురా బావూ.
కర్రకి నొప్పి తెల్దు, నీకు తెలియాల."
ఒక మధ్యాహ్నం ఎండకి చెయ్యి జారి
వెన్నుకర్ర పక్కన లోతుగా గీత పడింది.
తారు పూసి ఎవరికీ చెప్పలేదు.
ఆ వానాకాలం భీమిలి దాటాక
ఆ బోటు నీళ్ళు తాగింది.
మనుషులు బతికొచ్చారు.
నేను ఇప్పటికీ చెప్పలేదు.

చిగురు అన్నారు మనవాళ్ళు,
కొమ్మకి పుట్టేదాన్నీ, పన్నుని పట్టుకునేదాన్నీ.
ఎందుకన్నారో ఆ రాత్రి వాష్‌బేసిన్ మీద
ఎర్రగా కనబడింది.

అద్దంలో ఎడమ కుడి అవుతోంది.
లాగాలనుకుని తోస్తున్నాను.
బోటుని నేను బయట నిలబడి గీకుతాను కదా,
ఇక్కడ బోటూ నేనే,
మేస్త్రీనీ నేనే,
తారు డబ్బా కూడా లేదు.

మా అమ్మ అడ్డచుట్ట తాగేది,
నిప్పు కొస నోట్లో పెట్టుకుని
చేపల తట్ట మీద బేరమాడేది.
ఆ నోట్లోకి ఎవరూ తొంగి చూడలేదు,
ఆమె చూడనివ్వలేదు.
"నా నోరు నాకు తెల్దేటి" అనేది.
అంగిలి మీద తెల్లమచ్చ సంగతి
అన్నం మింగలేనప్పుడు గానీ తెలియలేదు.

ఉప్పునీళ్ళు పుక్కిలించి పడుకున్నాను.

పొద్దున్నే ఆ సంచీ దానమ్మకి దొరికింది.
నా పెదవి చూసింది, ఏమీ అడగలేదు.
మధ్యాహ్నం ఆ కొక్కెంతో
పీత డెక్కల్లోంచి కండ లాగుతూ
"రెండొందల యాభైకి ఈ మాత్రం పని చేసింది" అంది.

సోమవారం పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ,
నా నంబరు డెబ్బై ఒకటి.
బల్ల మీద కూర్చుని ఉన్నాను,
నాలుక మాత్రం ఊరుకోవడం లేదు,
సగం గీకిన ఆ చోటికి పోయి పోయి వస్తోంది.