గుంట లోతు

రాత్రి ఒంటిగంట.
ఏరేటర్లు నురుగు కక్కతా ఉండాయి.
విడవలూరు దాటినాక, ఉప్పుగాలి మొదలయ్యే చోట,
నాలుగెకరాల కౌలు గుంట గట్టుమీద
ఫోను వెలుతురులో నా మొహమూ, రెండు పురుగులూ.

నీళ్ళెన్ని ఉండాయో తెలిస్తేగాని
మందెంత చల్లాలో తెలీదు.
వెతికే పెట్టెని అడిగా:
రొయ్యల గుంటలో నీళ్ళెన్ని?

అది నన్ను సంతలోకి తీసకపోయి వదిలింది.
మేత కంపెనీ బొమ్మలో నవ్వే రైతు,
వియత్నాంలో ఎవడో వల విసిరే వీడియో,
భీమవరం గుంట లెక్క ఒకటి,
మూడేళ్ళ కిందటి తెగులు వార్త,
ఐసు ఫ్యాక్టరీ ఫోన్ నంబరు.
అందరూ మాట్లాడేవాళ్ళే.
ఒక్కడూ నా గుంట చూసినోడు కాదు.

మా టీకొట్టు మస్తానయ్యా ఇంతే.
ఏమడిగినా
"అల్లూరులో ఫలానా ఆయన్ని కనుక్కో అబ్బయ్యా,
ఆయన తమ్ముడికీ ఇట్టాగే అయింది" అంటాడు.
తనకు తెలుసనడు, తెలీదనడు.
ఎవరేమన్నారో పొల్లుపోకుండా ఒప్పజెప్తాడు,
నిజమూ అబద్ధమూ ఒకే గ్లాసులో పోసి.
తెల్లమచ్చ వచ్చిన ఏడు మాత్రం
ఆ గ్లాసే నన్ను గట్టెక్కించింది.
తెగులుకు లెక్క లేదు,
ముందు మునిగినోడి మాటే మందు.

ల్యాబులో పనిచేసే కౌసర్
మొన్న ఇంకో పెట్టె చూపించింది.
"దీన్ని కబుర్లు అడక్కన్నా, లెక్క అడుగు."
నాలుగెకరాలు. నాలుగున్నర అడుగులు.
రెప్పపాటు.
రెండు కోట్ల ఇరవై రెండు లక్షల లీటర్లు,
పైన రెండువేల చిల్లర.
కింద, ఎకరాన్ని అడుగులు చేసి
అడుగుల్ని లీటర్లు చేసి
మెట్టుమెట్టుగా దిగొచ్చిన దారి.

ఒళ్ళు జలదరించింది.
ఈ అంకె ఏ పుస్తకంలోంచీ ఏరుకొచ్చింది కాదు,
ఎవడి నోటినుంచీ జారింది కాదు.
నేను అడగబట్టి పుట్టింది.

అప్పుడు చెంగమ్మ గుర్తొచ్చింది.
ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో, నా చిన్నప్పుడు.
చదువు రాదు, సంతకం రాదు.
"పొడుగెంత? ఎడల్పెంత? ఎత్తెంత?"
బొటనవేలు కణుపుల మీద చీమలా పాకేది.
కుప్ప కదలకముందే
ఎన్ని బస్తాలో చెప్పేసేది.
నీకెవరు చెప్పారవ్వా అంటే
ఎగాదిగా చూసి
"ఎవరో చెప్పేదేందిరా, ఉప్పే చెప్పింది."

ఆ అంకె చూసుకొని మందు కలిపా, పడవెక్కి చల్లా,
హాయిగా నిద్రపోయా.

తెల్లారేసరికి రొయ్యలు
గట్టువెంబడి సోలిపోతా ఉండాయి.
కౌసర్ వచ్చింది. ఒకటే అడిగింది.
"లోతెప్పుడు కొలిచావు?"
పోయిన పంటకి ముందు.
ఆ పిల్ల ఇంకేం మాట్లాడలేదు,
ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి
వెదురుకర్రతో దిగింది.
తూముకాడ నాలుగు. తూర్పుమూల రెండున్నర.
అడుగున రెండు పంటల మేతా, పెంటా, బురదా.
అంతా కలిపి సగటు మూడుంబావు.

పెట్టెకి మళ్ళీ చెప్తే
ఏమీ ఎరగనట్టు మళ్ళీ లెక్క కట్టింది.
కోటీ అరవై లక్షలు.
మిగతా అరవై ఒక్క లక్షల లీటర్లు
నా నోట్లో మాత్రమే ఉన్న నీళ్ళు.
లేని నీళ్ళకు మందు చల్లినవాణ్ణి నేను.

మస్తానయ్య మాట తప్పైతే
మస్తానయ్యని తిట్టుకోవచ్చు.
దీన్ని తిట్టేదానికేముంది,
లెక్కలో పిసరంత తేడా లేదు,
తేడా అంతా నాదే.
చెంగమ్మయితే కొలత విన్నాక కూడా
ఇనపకడ్డీ తీసుకొని కుప్పలో గుచ్చేది,
లోపల ఇసకేమన్నా ఉండాదేమోనని.

సాయంత్రం ఊరికే ఇద్దర్నీ అడిగా:
వచ్చేవారం రేటు పడిపోతుందా?
వెతికే పెట్టె పందొమ్మిది రేట్లు తెచ్చి పడేసింది.
లెక్కల పెట్టె
"మీ ప్రశ్న అర్థం కాలేదు" అంది.
ఎందుకో ఆ మాటే కాస్త ఊరటగా ఉండాది.

గట్టుమీద కూచుని
వెదురుకర్రకు కత్తితో గాట్లు పెడతా ఉండా,
అడుక్కొకటి.
మూడో గాటు దగ్గర
బురద ఇంకా ఆరలేదు.