నాలుగో షెడ్డు

రాత్రి పదకొండున్నర. పెదవాల్తేరులో మేడ మీది గది.
పదకొండేళ్ల నీటిమట్టాలు, గంటకొకటి చొప్పున,
'పోటు' అని నేనే పేరు పెట్టిన ఫైల్లో ఉన్నాయి.
నిన్న సాయంత్రం నా చేత్తో దాచినదే.
దిగుమతి చెయ్యమన్నాను.
ఆ పేరు గలది ఏదీ లేదంది.

మళ్లీ అడిగాను, అక్షరం అక్షరం కూడబలుక్కుని.
లేదంది.

దిగుమతి అన్న మాట మా ఇంటికి
లెక్కల కంటే ముందే వచ్చింది.
సూరప్పడు మావయ్య హార్బర్లో టాలీ క్లర్కు.
ముప్పై రెండేళ్లు ఓడ పక్కన నిలబడి
దిగిన ప్రతి బస్తాకీ ఒక గీత,
నాలుగు గీతల మీద అడ్డంగా అయిదోది.
ఇంటికొచ్చి చొక్కా దులిపితే గచ్చు మీద
ఒక రోజు గంధకం పసుపు, ఒక రోజు బొగ్గు నలుపు.
ఓడలో ఏమొచ్చిందో ముందు అత్త చీపురుకి తెలిసేది.

ఫోన్ చేశాను. అతనికి నిద్ర పట్టదని నాకు తెలుసు.
"కళ్లెదురుగా ఉంది మావయ్యా. లేదంటోంది."
"నువ్వెక్కడ నిలబడి అడుగుతున్నావో అది సెప్పు ముందు."

ఆ తర్వాత పాత కథే.
ఏదో ఏడాది వానల్లో పదహారు చెక్కపెట్టెలు మాయం.
కాగితం మీద నాలుగో షెడ్డు. నాలుగో షెడ్డు నిండా ఎలకలు.
మూడు రోజులు కస్టమ్స్ వాళ్లు, పోలీసులు,
కనకమాలక్ష్మికి మొక్కులు.
పెట్టెలేమో ఏడో షెడ్డులో
టార్పాలిన్ కింద పొడిగా, బుద్ధిగా.
"ఎవుడూ దొంగతనం సెయ్యనేదు తల్లీ.
ఎతికినోడు నాలుగులోనే ఎతికినాడు."

నేనెక్కడ నిలబడ్డానో చెప్పమన్నాను కంప్యూటర్ని.
చెప్పింది. వేరే ఫోల్డరు.
దారి చూపించాను.
గుమ్మం దాటి వచ్చేసింది
పదకొండేళ్ల సముద్రం, చప్పుడు చెయ్యకుండా.

మొదట్లో నాకీ జాగ్రత్త లేదు.
నక్షత్రం గుర్తు కొట్టి
ఉన్న పేర్లన్నీ రండర్రా అని కుమ్మరించేదాన్ని.
ఎక్కడిదో ఒక 'ఎన్' వచ్చి
నా 'ఎన్' కుర్చీలో కూర్చుంది, నాకు తెలీకుండా.
వారం పాటు తప్పుడు జవాబులు, కడుపులో మంట.
ముద్ర లేని బస్తాని గోదాములోకి రానియ్యకూడదని
ఆ పసుపు చొక్కా నుంచి నేను నేర్చుకుని ఉండాల్సింది.

ఒంటిగంట. ఫోన్ పెట్టెయ్యడం ఇద్దరం మర్చిపోయాం.
అతని ఫ్యాను చప్పుడు నా గదిలో తిరుగుతోంది.
ఒక చోట కూడికకి బదులు తీసివేత.
దిద్దాను. దాచాను. దిగుమతి చేశాను.
జవాబు కదల్లేదు.
మళ్లీ దిద్దాను. ఈసారి కోపంగా.
అదే అంకె, దశాంశం తర్వాత ఆరో స్థానం దాకా.

అప్పుడు గుర్తొచ్చింది.
ఇది ఏ ఫైలునైనా ఒక్కసారే చదువుతుంది.
రెండోసారి పిలిస్తే, వచ్చేసిందిగా అంటుంది,
తెరిచి చూడదు.
మొదటి చదువు పట్టుకునే కూర్చుంటుంది.
మళ్లీ చదువు అని విడిగా చెప్పాలి.

చెప్పాను. అంకె మారింది.

"రేపు ఆన పడతాదంట. గొడుగట్టుకెళ్లు.
మళ్లీ సముద్రంలో పారేసుకోకు."

యారాడ వైపు వెళ్లే పడవలోంచి
నా ఏడో ఏట జారిపోయిన ఎర్రగొడుగు అది.
ఇప్పుడు నాకు ముప్పై నాలుగు.
మధ్యలో నేను రాసుకున్నవి, కొట్టేసుకున్నవి,
ఒక పెళ్లి, ఆ పెళ్లిలోంచి బయటికి నడిచిన మధ్యాహ్నం,
ఏదీ అతను తెరిచి చూళ్లేదు.
తడిసిన లంగాతో ఏడుస్తున్న పిల్ల దగ్గరే
అతని చదువు ఆగింది.

మళ్లీ చదివించే ఆజ్ఞ నాకు తెలుసు.
వేళ్ల కిందే ఉంది.

"అలాగే మావయ్యా," అన్నాను.

హార్బర్ వైపు నుంచి ఒక కూత.
పోటు మూడు గంటల పద్నాలుగు నిమిషాలకి, అంటోంది నా లెక్క.
లేచి వెళ్లి
తలుపు వెనకాల గొడుగుందో లేదో చూసుకున్నాను.